ఎన్ని గంటలు, బావా?

మా బావ నిద్ర గురించి చెప్పాలంటే ముందు ఆయన ఎక్కిన నిచ్చెన గురించి చెప్పాలి. ఆయన టవర్ క్రేన్ నడిపేవాడు. పెద్ద భవనాలు కట్టేచోట పసుపు రంగు ఇనుప స్తంభం ఒకటి ఆకాశంలోకి నిలబడి ఉంటుంది కదా, దాని నెత్తిన ఒక చిన్న గాజు గది ఉంటుంది. అలాంటి గదుల్లోనే ఆయన ముప్ఫై ఏళ్ల ఉద్యోగం గడిచింది. సైటులో అందరూ ఆయన్ని గద్ద అనేవాళ్లు. నేను బావా అనేవాణ్ని, మా అక్క మొగుడు కాబట్టి.

నా పని కింద. కొక్కేనికి బరువు కట్టించడం, దాన్ని ఎక్కడ దింపాలో చేతి సైగతో, వాకీటాకీతో పైనున్న మనిషికి చెప్పడం. నన్ను సిగ్నల్‌మన్ అంటారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున పని మొదలయ్యేముందు నేను కుడి చెయ్యి పైకెత్తాలి. ఆ చెయ్యి లేవనంతవరకు మేనేజరొచ్చి మొత్తుకున్నా సరే కొక్కెం అంగుళం కదలకూడదు. జీతం చూస్తే నేను బావకంటే చాలా కిందివాణ్ని. ఆ ఒక్క చెయ్యి విషయంలో మాత్రం నాదే పైచేయి. ఆ మాట అని ఆయన్ని ఏడిపించని రోజు లేదు.

పాత క్రేనుకు లిఫ్టు లేదు. నిచ్చెన ఒక్కటే దారి. రెండువందల నలభై మెట్లు, నిటారుగా. పొద్దున ఎక్కి సాయంత్రం దిగితే సరిపోతుంది, మిగతా ఆపరేటర్లందరూ భోజనం పైకి తీసుకెళ్లి అక్కడే తినేవాళ్లు. మా బావకు ఒక్కడే కూర్చుని తింటే ముద్ద దిగదు. మధ్యాహ్నం మాతో కూర్చుని తినడానికి కిందికొచ్చి, మళ్లీ ఎక్కేవాడు. ఈ ఓపికంతా మా అక్క వంట కోసమా, మా కబుర్ల కోసమా అని అడిగితే, నీ మొహం చూడ్డం కోసం మాత్రం కాదనేవాడు.

ఇక ఆయన నిద్ర. మా అక్క బట్టలు కుడుతుంది. కుట్టుమిషను ఆయన మంచం పక్కనే, చేయి చాపితే తగిలేంత దూరంలో ఉంటుంది. బడులు తెరిచే రోజుల్లో యూనిఫారాలు అర్ధరాత్రి దాకా కుట్టేది. టకటకమని ఆ మిషను మోగుతుంటే ఈయన దిండుకు తల ఆనించడమే ఆలస్యం, మరి తెల్లారేదాకా ఈ లోకంలో ఉండేవాడు కాదు. ఒకసారి పక్కింట్లో దొంగలు పడి వీధి వీధంతా లేచి కూర్చుంటే, పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటూ ఏమిటీ హడావిడి అని అడిగాడు. నిద్రను పోగేసుకుని పుట్టాడమ్మా ఈ మనిషి అనేది మా అక్క. అందులో కొంచెం కోపం, కొంచెం గర్వం ఉండేవి.

ఆయనకు యాభై నాలుగేళ్లప్పుడు మేము కొత్త సైటుకు మారాం. కొత్త క్రేను వచ్చింది. దాన్లో లిఫ్టు ఉంది. మీట నొక్కితే రెండు నిమిషాల్లో పైన ఉంటాడు. ఆ రోజు మేమంతా చప్పట్లు కొట్టాం. మోకాళ్లు బతికిపోయాయిరా అని ఆయన కూడా నవ్వాడు. నేనైతే నాకే లిఫ్టు వచ్చినంత సంబరపడ్డాను. ఎంత గుడ్డివాళ్లమో చెప్పడానికి ఇది చెబుతున్నాను.

మూడు నెలలు తిరిగేసరికి ఆయన కళ్లు ఎర్రబడ్డం మొదలైంది. మొదట నేను దుమ్మనుకున్నాను. తర్వాత భోజనం దగ్గర మాట్లాడ్డం తగ్గిపోయింది. హాస్యమాడితే మొహం చిట్లించేవాడు. ఒకరోజు చిన్న విషయానికి వాకీటాకీలో నా మీద విరుచుకుపడ్డాడు. ముక్కుమీద కోపం నాది గానీ ఆయనది కాదు. నాకు అప్పుడే తట్టాల్సింది. ఇంట్లో మా అక్క అడిగితే వయసు కదే అనేవాడట. ఆమె నమ్మింది. చెప్పడానికి అది చాలా సులువైన మాట, వినేవాళ్లకు కూడా సులువే.

అసలు సంగతేమిటంటే, ఆయన రాత్రికి మూడు గంటలు కూడా నిద్రపోవడం లేదు. మా అక్కకు తెలియకుండా కళ్లు మూసుకుని పడుకునేవాడు. పొద్దున లేచి బాగా పట్టిందని చెప్పేవాడు. డాక్టరు దగ్గరికెళితే కాగితం మీద రాస్తారు, రాస్తే సీటులోంచి దింపేస్తారు అని ఆయన భయం. పదేళ్లకిందట ఒక ఆపరేటరును కళ్లు తిరుగుతున్నాయని చెప్పినందుకు స్టోరులో కూర్చోబెట్టారు. అది ఆయన మనసులో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. భోజనాలయ్యాయి. ఏడో అంతస్తు స్లాబు మీదికి ఇనుప చువ్వల కట్ట దింపుతున్నాం. నేను దింపేచోటే నిలబడి ఉన్నాను. నాకు నాలుగడుగుల దూరంలో వడ్రంగి మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, అటు తిరిగి మేకులు కొడుతున్నాడు. కట్ట తల ఎత్తుకు రాగానే వాకీటాకీలో ఆపమన్నాను. ఆగలేదు. మళ్లీ ఆపమన్నాను. చెయ్యి కూడా ఊపాను. అది అదే వేగంతో, ఏ తొందరా లేకుండా, దిగుతూనే ఉంది.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రీ చొక్కా కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం వెనక్కి పడ్డాం. ఆయన అంతవరకు కూర్చున్న చెక్క మీద చువ్వల కట్ట దిగింది. చెక్క రెండు ముక్కలైంది. అప్పుడు వాకీటాకీలో బావ గొంతు వినిపించింది.

"ఏమైందిరా?"

నిద్రలోంచి లేచిన మనిషి గొంతు అది. చెయ్యి లీవరు మీద పెట్టుకునే ఆయన కునుకు తీశాడు. నాలుగు సెకన్లు ఉంటుందేమో.

సేఫ్టీ ఆఫీసరు పరుగెత్తుకుంటూ వచ్చి ఏమైందని అడిగాడు. గాలి తోసిందన్నాను. ఆ రోజు చెట్టు మీద ఆకు కదల్లేదు. ఆయన నా మొహం చూసి, కాగితం మీద గాలి అని రాసుకుని వెళ్లిపోయాడు. మేస్త్రీ నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు నా పాలిట దేవుడివి అన్నాడు. ఆ మాటకు నాకు నిలబడ్డచోట నిలబడాలనిపించలేదు. నా జీవితంలో నేను సిగ్గుపడ్డ రోజు ఏదంటే అదే.

సాయంత్రం నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. ఏమీ దాచుకోలేదు, ఆమె ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని, అరచేతులు చూసుకుంటూ అంతా చెప్పాడు. మా అక్క మిషను మీదనుంచి చేతులు తీసేసి, ఇన్ని నెలలు నా పక్కనే పడుకుని నాకే అబద్ధమాడారా అని మాత్రం అంది. చివరికి ఆయనే నా వైపు తిరిగాడు.

"నన్ను ఇప్పుడే దింపెయ్యకురా. రోజూ పొద్దున నన్ను అడుగు. నిజం చెబుతాను. ఐదు గంటలకు తక్కువైతే నీ చెయ్యి ఎత్తకు. నేను బతిమాలినా ఎత్తకు."

అలా మొదలైంది. మర్నాడు ఆయన పైకి చేరగానే వాకీటాకీలో అడిగాను. ఎన్ని గంటలు, బావా? మూడు అన్నాడు. నా చెయ్యి లేవలేదు. నడుం నొప్పని చెప్పి దిగొచ్చి, స్టోరులో ఇనుపతాళ్లు పరీక్షించే పనిలో కూర్చున్నాడు. ఆయన బదులు రెండో ఆపరేటరు ఎక్కింది. ముప్ఫై ఏళ్ల పిల్ల, చురుకైనది, మేం ఆపరేటరమ్మ అంటాం. ఆ వారంలో బావ క్రేను నడిపింది రెండే రోజులు. గద్దకు రెక్కలు కత్తిరించారా అని సైటులో నవ్వుకున్నారు. నవ్వినవాళ్ల పళ్లు రాలగొట్టాలనిపించింది. ఆయనే నన్ను ఆపాడు.

మా అక్క ఊరుకునే మనిషి కాదు. వంటింట్లో గోడమీద క్యాలెండరు ఉంది, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునేది. అందులోనే ఆయన నిద్రపోయిన రాత్రులకు ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. సగం రాత్రి తనూ మేలుకుని ఉండి మరీ చూసేది. ఆ నెల క్యాలెండరు దాదాపు బోడిగానే ఉండిపోయింది.

అప్పుడు స్టోరు మనిషి ఎవరో, ఒళ్లు అలిస్తే నిద్ర అదే వస్తుంది, వ్యాయామం చెయ్యమని చెప్పాడు. మాట మంచిదే. కానీ మా బావ సంగతి మీకు తెలియదు. ఏదైనా పట్టుకుంటే వదలడు. రాత్రి భోజనమయ్యాక, పది గంటలకు, బూట్లు వేసుకుని పరుగు మొదలుపెట్టాడు. గంటసేపు వీధులన్నీ చుట్టబెట్టి, ఇంటికొచ్చి దండీలు తీసి, చెమట కారుతుండగా మంచం ఎక్కేవాడు. కుక్కలు కూడా ఆయనతో పాటు పరుగెత్తి ఆయనకంటే ముందే అలిసిపోయాయట. పడుకున్నాక మొహమంతా వేడి, గుండె దడదడ, కళ్లు ఫ్యానుకు అతుక్కుపోయేవి. మనిషొచ్చి పడుకున్నాడు గానీ గుండె ఇంకా వీధిలోనే పరుగెడుతోందిరా అని మా అక్క ఫోనులో వాపోయింది. పన్నెండు రోజులు అలా చేశాడు. ఉన్న మూడు గంటలు రెండయ్యాయి. వ్యాయామం లేదు, గాడిదగుడ్డు లేదు అని బూట్లు అటకెక్కించాడు. నేనూ అవునన్నాను.

ఆ తర్వాత వారానికి క్రేను లిఫ్టు చెడిపోయింది. దానికి కావలసిన భాగం ఏదో రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆపరేటరమ్మ సెలవులో ఉంది. ఆ పొద్దున బావ ఐదు చెప్పాడు. సరిగ్గా ఐదు, అంతకు నిమిషం ఎక్కువ కాదు. నిచ్చెన ఎక్కాడు. పది నెలల తర్వాత ఎక్కడం కదా, దారిలో నాలుగుసార్లు ఆగాడు. మధ్యాహ్నం పైనే తినమంటే వినలేదు, దిగొచ్చాడు. పిక్కలు వణుకుతున్నాయి. పాత అలవాటేరా అని, మళ్లీ ఎక్కాడు.

మర్నాడు ఐదున్నర అన్నాడు. మూడోరోజు ఆరు. నాలుగోరోజు పొద్దున వాకీటాకీలో అడిగితే ఏడు అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సీటు కోసం మళ్లీ అబద్ధాలు మొదలుపెట్టాడనుకుని, ఒళ్లు మండి, అక్కడే నిలబడి అక్కకు ఫోను చేశాను. నిద్ర సంగతి అడగ్గానే ఆమె అందుకుంది.

"మిషను తొక్కుతూనే ఉన్నానురా. లేవలేదు. కావాలని గట్టిగా కూడా తొక్కాను. లేవలేదు."

అదే ఫోనులో ఆమె లిఫ్టు చెడి ఎన్ని రోజులైందని అడిగింది. నాలుగో రోజన్నాను. క్యాలెండరు దగ్గరికి నడిచినట్టుంది. మూడు టిక్కులు వరసగా ఉన్నాయిరా అంది. మరి ఆ లిఫ్టు మొదట ఎప్పుడొచ్చిందని అడిగింది. నెల చెప్పాను. వయసు కదే అని ఆయన నాతో అన్నది ఆ తర్వాతే కదరా అంది. అంతే. నా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్లూ ఆ నిచ్చెనను మేం చాకిరీ అనుకున్నాం. రోజుకు రెండుసార్లు ఎక్కి దిగే ఆ మనిషి శరీరం దానికి అలవాటు పడి, దానికి బదులుగా రాత్రి నిద్ర ఇస్తోందని ఒక్కరికీ తట్టలేదు. ఆ చాకిరీ తీసేసి, చప్పట్లు కొట్టి, ఆ తర్వాత నిద్ర ఎక్కడికి పోయిందని వెతుక్కున్నాం. మళ్లీ వెతుక్కునేటప్పుడు కూడా పడుకోబోయే వేళకు పరుగెత్తించి, లేపి కూర్చోబెట్టాం.

లిఫ్టు బాగయ్యాక సేఫ్టీ ఆఫీసరు నిచ్చెన ఎక్కడానికి ఒప్పుకోలేదు. లిఫ్టు ఉండగా నిచ్చెన ప్రమాదం వచ్చినప్పుడు వాడ్డానికే అన్నాడు. రూలు రూలే. అప్పుడు బావ మేం కడుతున్న భవనం మెట్లు పట్టుకున్నాడు. పని మొదలవడానికి అరగంట ముందే వచ్చి, ఎన్ని అంతస్తులు లేచి ఉంటే అన్నీ నింపాదిగా ఎక్కి దిగేవాడు. సాయంత్రం బస్సు మానేసి నడిచి ఇంటికి వెళ్లేవాడు. రాత్రి భోజనం తర్వాత గుమ్మం దాటనిచ్చేది కాదు మా అక్క. చివరికి డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్లాను. ఆయన అన్నీ పరీక్షించి, వేరే జబ్బేదీ లేదని, చేస్తున్నది వదలొద్దని, సాయంత్రం టీ మాత్రం మానెయ్యమని చెప్పాడు. ఇన్నాళ్లు భయపడ్డ కాగితం మీద రాసింది అంతే. బావ దాన్ని రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మంత్రమేసినట్టు అన్నీ కుదిరిపోయాయని చెప్పను. రెండు నెలలు పట్టింది క్యాలెండరు ఎర్రబడడానికి. రెండు రోజులు వరసగా మెట్లు మానేస్తే మూడో రాత్రి మళ్లీ దొర్లేవాడు. ఎంత ఎక్కినా పట్టని రాత్రులూ ఉన్నాయి. ఆ పొద్దుల్లో ఆయన నిజం చెప్పేవాడు, నా చెయ్యి లేచేది కాదు, ఆయన దిగొచ్చి స్టోరులో కూర్చునేవాడు. వడ్రంగి మేస్త్రీకి కూడా ఒకరోజు నేనే నిజం చెప్పాను. ఆ రోజు గాలి లేదని. ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నాకు తగిన శాస్తి.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఎన్ని గంటలు, బావా అని నేను అడగని పొద్దు లేదు. ఆయన ఉద్యోగంలో చివరి రోజు వచ్చింది. ఆ రోజే భవనానికి ఆఖరి ఉక్కు దూలం ఎత్తాలి. ముప్ఫై ఒకటో అంతస్తు మీదికి. మేనేజరు కావాలనే ఆ దూలాన్ని ఆయన కోసం రెండు రోజులు ఆపి ఉంచాడు. కింద కుర్చీలు వేయించాడు, ఫొటోలు తీసేవాణ్ని పిలిపించాడు. మా అక్క కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. బావ ఎప్పటిలాగే మెట్లెక్కి దిగి, ఆమె కుట్టిన కొత్త చొక్కాతో లిఫ్టులో పైకి వెళ్లాడు.

దూలాన్ని కట్టించాను. పైకి చూశాను. ఏదో మాటవరసకు నవ్వుతూనే అడిగాను.

"ఎన్ని గంటలు, బావా?"

జవాబు రాలేదు. మళ్లీ అడిగాను.

"లేదురా. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇదే ఆలోచిస్తూ ఉండిపోయాను."

నా నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. మెట్లెక్కి ఒంటికి అలుపు తెచ్చుకోవచ్చు. ముప్ఫై ఏళ్ల పని రేపటినుంచి ఉండదంటే మనసుకు ఏం చెబుతాం? అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నిజంగా అనుకున్నాను. ఒక్క దూలం. పది నిమిషాల పని. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. వాకీటాకీని నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి, ఈ ఒక్కటే కదా బావా అన్నాను.

"కింద ఎవరెవరున్నారు?"

చుట్టూ చూశాను. మేస్త్రీ ఉన్నాడు. దూలానికి తాళ్లు బిగించినవాళ్లు ఇద్దరున్నారు. కుర్చీలో మా అక్క ఉంది. నేనున్నాను. చెప్పాను.

"మరి?" అన్నాడు.

నా కుడి చెయ్యి పక్కనే వేలాడిపోయింది. మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చి, ఏమిటి ఆలస్యమన్నాడు. అందరూ వినేలాగే చెప్పాను, ఆపరేటరుకు రాత్రి నిద్ర లేదు, ఎత్తడానికి వీల్లేదని. ఈసారి గాలి మీద పెట్టలేదు. మా అక్క తలవంచుకుని పమిట కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫొటోలవాడు కెమెరా దించేశాడు. సేఫ్టీ ఆఫీసరు ఒక్కడే, ఎందుకో, తలమీది హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

బావ నిచ్చెన మీదుగా దిగొచ్చాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. సేఫ్టీ ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బావ నేలమీద అడుగుపెట్టి, తన చేతి తొడుగులు తీసి ఆపరేటరమ్మ చేతిలో పెట్టాడు. రాత్రి నిద్ర ఎన్ని గంటలమ్మా అని ఆమెను ఆయనే అడిగాడు. ఎనిమిది అంది. ఆమె లిఫ్టెక్కి వెళ్లింది.

అప్పుడు ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ అలా నిలబడలేదు. ఎత్తడమే తప్ప, ఎత్తిన బరువు కిందనుంచి ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. నేను చెయ్యెత్తాను. దూలం నేలను వదిలి లేచింది. మా తలల మీదుగా మెల్లగా తిరుగుతూ వెలుతురుకు అడ్డమొచ్చింది. ఆయన చెయ్యి వచ్చి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"కిందనుంచి ఇలా ఉంటుందట్రా?"

ఇలాగే ఉంటుందన్నాను.

"ఆ రోజూ ఇలాగే ఉందా?"

ఉందన్నాను. ఆయన తల పైకెత్తే ఉంచాడు, కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. నాక్కూడా ఏడుపొచ్చింది గానీ నా కళ్లు కొక్కెం మీదనుంచి తీయకూడదు. దూలం మా వైపు కొద్దిగా జరుగుతోంది.

"ఒక అడుగు వెనక్కి రా, బావా," అన్నాను.

వచ్చాడు.